ఒకే కంటైనర్లు, ఒకే శాంపిళ్లు, రెండు యంత్రాల్లో రెండు ఫలితాలు: క్షయ జీనోమ్ పైప్‌లైన్‌లో తేడా ఎక్కడ వస్తోంది?

ప్రశ్న – పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

అందరికీ నమస్కారం. క్షయ బ్యాక్టీరియా మందులకు లొంగకుండా పోవడం గురించి నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. తెమడ నుంచి కల్చర్ చేసిన 96 ఐసోలేట్ల (విడిగా పెంచిన బ్యాక్టీరియా నమూనాల) డీఎన్‌ఏను ఇల్యూమినా యంత్రం మీద 150 బేసుల పెయిర్డ్ ఎండ్ రీడ్స్‌గా, అంటే ఒక్కో ముక్కను రెండు చివరల నుంచీ చదివేలా, సీక్వెన్స్ చేయించాం. రిఫరెన్స్‌గా తీసుకున్న హెచ్37ఆర్‌వీ అనే ప్రామాణిక క్షయ బ్యాక్టీరియా జీనోమ్ పొడవు 44,11,532 బేసులే కాబట్టి, ఒక్కో శాంపిల్‌కు 15 లక్షల రీడ్ జతలు ఉంటే చాలు, సుమారు వంద రెట్ల డెప్త్ వస్తుంది, అంటే ఒక్కో బేసును సగటున వందసార్లు చదివినట్టు. అందువల్ల పెద్ద యంత్రాల అవసరం లేకుండానే పని జరిగిపోతుందని మొదట అనుకున్నాను.

పైప్‌లైన్‌ను, అంటే విశ్లేషణ మెట్ల వరుసను, అలాంటి వరుసలను నడిపే నెక్స్ట్‌ఫ్లోలో రాశాను. ఫాస్ట్‌పీతో అడాప్టర్లను కత్తిరించి, క్రాకెన్2తో వేరే జీవుల రీడ్స్ ఏమైనా కలిశాయేమో చూసి, బీడబ్ల్యూఏ మెమ్‌తో రిఫరెన్స్‌కు అమర్చి, శామ్‌టూల్స్‌తో వరుసలో పెట్టి, డూప్లికేట్లను గుర్తించి, ఆపైన టీబీ ప్రొఫైలర్‌తో ఏ మందుకు నిరోధకత ఉందో తేలుస్తున్నాను. చివరి మెట్టులో మా ల్యాబులోనే రాసుకున్న ఒక పైథాన్ స్క్రిప్ట్, ముఖ్యమైన మ్యుటేషన్ల దగ్గర ఎన్ని రీడ్స్ మార్పును చూపిస్తున్నాయో తిరిగి లెక్కపెట్టి, ఆ వాటా 10 శాతం దాటితేనే నివేదికలో ఎక్కిస్తుంది. ప్రతి మెట్టుకూ ఒక కంటైనర్ ఇమేజ్, అంటే ప్రోగ్రామును దానికి కావలసిన లైబ్రరీలతో కలిపి కట్టిన మూట, ఉంది. ట్యాగులన్నీ వెర్షన్ నంబర్లతోనే రాశాను.

ల్యాబులో ఉన్న ఉబుంటు వర్క్‌స్టేషన్ మీద డాకర్‌తోనూ, సంస్థ క్లస్టర్ మీద జాబులను పంచే స్లర్మ్ ద్వారా ఆప్‌టైనర్‌తోనూ అవే 96 శాంపిళ్లను నడిపాను. డాకర్, ఆప్‌టైనర్ రెండూ కంటైనర్లను నడిపేవే. క్లస్టర్‌లో డాకర్‌కు అనుమతి లేదు కాబట్టి అవే డాకర్ ఇమేజ్‌లను ఆప్‌టైనర్ తనంతట తానే మార్చుకుంటోంది. 93 శాంపిళ్లకు రెండు చోట్లా ఒకే ఫలితం వచ్చింది. మిగిలిన మూడింటిలో, రెండు శాంపిళ్లకు ఇథియోనమైడ్ నిరోధకత ఉందని వర్క్‌స్టేషన్ చెబుతుంటే క్లస్టర్ లేదంటోంది. మూడో శాంపిల్ విషయంలో ఇది తలకిందులైంది: రిఫాంపిసిన్ నిరోధకత ఉందని క్లస్టర్ అంటోంది, వర్క్‌స్టేషన్ లేదంటోంది.

కంటైనర్ వాడితే ఎక్కడ నడిపినా ఒకే ఫలితం వస్తుందన్న నమ్మకంతోనే ఇంత శ్రమ పడ్డాను. ఈ రెండు పట్టికల్లో ఏది సరైనదని మా గైడ్ గారు అడిగితే చెప్పలేకపోయాను. అది చాలనట్టు, క్లస్టర్‌లో క్రాకెన్2 జాబులు పది పన్నెండు దాకా 137 అనే ఎగ్జిట్ కోడ్‌తో ఆగిపోతున్నాయి. మళ్లీ పంపితే కొన్ని పూర్తవుతున్నాయి, కొన్ని కావడం లేదు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

సమాధానం 1 – బయోఇన్ఫర్మాటిక్స్ ఉద్యోగి, బెంగళూరు

మీరు రెండు చోట్లా నడిపి పోల్చి చూడడమే ఎంతో మంచి పని. చాలామంది ఒకే చోట నడిపి, వచ్చిన పట్టికను అలాగే థీసిస్‌లో పెట్టేస్తారు.

కంటైనర్ బిగించి ఉంచేది ప్రోగ్రాములను, వాటికి కావలసిన లైబ్రరీలను మాత్రమే. బయటి నుంచి లోపలికి వచ్చే ఫైళ్లు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు, ఇంటర్నెట్ నుంచి అప్పటికప్పుడు దిగే డేటాబేస్ దాని చేతిలో లేవు. మీ మూడు శాంపిళ్ల తేడా ఈ మూడు దారుల్లో ఏదో ఒకదాని గుండా వచ్చి ఉంటుందని నా అంచనా. రెండు శాంపిళ్ల తేడా ఒక దిక్కుకు, మూడో శాంపిల్ తేడా మరో దిక్కుకు ఉండడం చూస్తే, కారణం ఒకటి కాదు, రెండు ఉండవచ్చు.

మొదట హోమ్ ఫోల్డర్ సంగతి చూడండి. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే డాకర్ మీ హోమ్ ఫోల్డర్‌ను కంటైనర్ లోపలికి తీసుకురాదు. ఆప్‌టైనర్, అంటే 2021 వరకూ సింగులారిటీ అన్న పేరుతో ఉన్నదే, సాధారణంగా హోమ్ ఫోల్డర్‌ను తనంతట తానే లోపల అతికిస్తుంది. క్లస్టర్‌లో మీరు ఎప్పుడైనా పిప్‌తో, యూజర్ ఆప్షన్ పెట్టి ఏదైనా పైథాన్ ప్యాకేజీ వేసుకుని ఉంటే, అది హోమ్‌లోని డాట్ లోకల్ అనే దాగిన ఫోల్డర్‌లో కూర్చుని ఉంటుంది. కంటైనర్‌లోని పైథాన్, మీరు అప్పుడు వాడిన పైథాన్ ఒకే వెర్షన్‌వి అయితే, ఉదాహరణకు రెండూ 3.10 అయితే, లోపలి పైథాన్ ముందుగా ఆ ఫోల్డర్‌నే వెతుకుతుంది. ఇమేజ్‌లో మీరు జాగ్రత్తగా పెట్టిన ప్యాకేజీని వదిలేసి, హోమ్‌లోని పాత ప్యాకేజీని ఎత్తుకుంటుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక కూడా రాదు, నివేదిక మాత్రం మారిపోతుంది.

దీన్ని తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. క్లస్టర్‌లో ఆ ఇమేజ్ లోపల పైథాన్ తెరిచి, మీ ల్యాబు ప్యాకేజీని ఇంపోర్ట్ చేసి, అది ఏ ఫైలు నుంచి లోడ్ అయిందో ప్రింట్ చేయించండి. దారి హోమ్ అనే పదంతో మొదలైతే దొంగ దొరికినట్టే. పైథాన్ నో యూజర్ సైట్ అనే వేరియబుల్‌కు నెక్స్ట్‌ఫ్లో కాన్ఫిగ్‌లోని ఎన్విరాన్‌మెంట్ విభాగంలో 1 అని రాస్తే ఆ తలుపు మూసుకుంటుంది. నెక్స్ట్‌ఫ్లో పైప్‌లైన్లను కలిసి రాసే, 2018లో మొదలైన ఎన్ఎఫ్‌కోర్ సముదాయం వారి పైప్‌లైన్లు తెరిచి చూడండి, ఈ వరుస ముందే రాసి ఉంటుంది. పెర్ల్, ఆర్ భాషలకూ ఇలాంటి వేరియబుళ్లు ఉన్నాయి, వాటినీ మూయండి. ఆప్‌టైనర్‌కు హోమ్ వద్దని, బయటి ఎన్విరాన్‌మెంట్ వద్దని చెప్పే ఆప్షన్లు వేరే ఉన్నాయి. అయితే వాటిని పెట్టాక కొన్ని టూల్స్ తమ తాత్కాలిక ఫైళ్లకు చోటు లేదని ఆగిపోవచ్చు కాబట్టి ఒక్కొక్కటిగా పెట్టి చూడండి.

ఇథియోనమైడ్ తేడా మాత్రం టీబీ ప్రొఫైలర్ చూసే మ్యుటేషన్ల డేటాబేస్‌దే అనిపిస్తోంది. టీబీ ప్రొఫైలర్ తన నివేదికలో డేటాబేస్ వెర్షన్‌ను కూడా రాస్తుంది. రెండు చోట్ల నుంచీ ఆ ఒక్క వరుసను తీసి ఇక్కడ పెట్టండి. మీ స్క్రిప్ట్‌లో డేటాబేస్‌ను నవీకరించే ఆదేశం ఎక్కడైనా ఉందా?

మరొక మాట. రిఫరెన్స్‌కు అమర్చిన రీడ్స్ ఉండే రెండు బామ్ ఫైళ్ల చెక్‌సమ్‌లు (ఫైలు వేలిముద్రలు) కలవలేదని కంగారు పడకండి. వాటి హెడర్‌లో నడిపిన ఆదేశం, ఫోల్డర్ దారులతో సహా రాసి ఉంటుంది కాబట్టి అవి కలవకపోవడమే సహజం. రిఫరెన్స్‌తో తేడాలను రాసే వేరియంట్ ఫైళ్లలో హెడర్ తీసేసి, వరుసలను మాత్రం పోల్చండి. బీడబ్ల్యూఏ మెమ్‌కు రెండు యంత్రాల్లో వేర్వేరు థ్రెడ్ల సంఖ్య ఇచ్చి ఉంటే అక్కడా కొద్దిపాటి తేడా వస్తుంది. ఆ ప్రోగ్రాము రీడ్స్‌ను గుంపులుగా తీసుకుని, ఒక్కో గుంపు నుంచి జతల మధ్య దూరాన్ని అంచనా కడుతుంది. గుంపు పరిమాణమేమో థ్రెడ్ల సంఖ్యను బట్టి మారుతుంది. పెద్ద కె ఆప్షన్‌కు 10 కోట్లు అని ఒక స్థిరమైన సంఖ్య ఇస్తే, 8 థ్రెడ్లయినా 32 థ్రెడ్లయినా అదే ఫలితం వస్తుంది.

సమాధానం 2 – క్లస్టర్ నిర్వాహకుడు, విశాఖపట్నం

137 గురించి నేను చెబుతాను, ఎందుకంటే వారానికి ఒకరైనా నా దగ్గరికి ఈ నంబరుతో వస్తారు. 128కి 9 కలిపితే 137. అంటే ఆ ప్రాసెస్‌కు తొమ్మిదో నంబరు సిగ్నల్ పంపి ఎవరో బలవంతంగా ఆపేశారని అర్థం. ఆ ఎవరో సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కర్నెలే. మీరు అడిగిన మెమరీ కన్నా జాబు ఎక్కువ వాడింది కాబట్టి ఆపేసింది. క్రాకెన్2 తన డేటాబేస్‌నంతా ముందుగా మెమరీలోకి ఎక్కించుకుంటుంది. అందువల్ల మీ రీడ్స్ ఫైలు ఎంత చిన్నదైనా, కావలసిన మెమరీ డేటాబేస్ పరిమాణం కన్నా తగ్గదు. బాక్టీరియా పని చిన్నదని జాబుకు 4 జీబీ అడిగి, 8 జీబీ డేటాబేస్‌ను చూపిస్తే అది నిలబడదు. కొన్ని జాబులు పూర్తవుతున్నాయంటే, బహుశా కొన్ని నోడ్లలో, అంటే క్లస్టర్‌లోని యంత్రాల్లో, మెమరీ పరిమితిని గట్టిగా అమలు చేయకపోవడమే కారణం. దాని మీద ఆధారపడకండి.

నెక్స్ట్‌ఫ్లోను ట్రేస్ ఆప్షన్‌తో నడిపితే ఒక్కో జాబు అత్యధికంగా ఎంత మెమరీ తీసుకుందో పట్టికలో వస్తుంది. ఆ అంకెకు కొంచెం పైన అడగండి. 137 వస్తే రెండో ప్రయత్నంలో మెమరీని రెట్టింపు చేయమని కాన్ఫిగ్‌లోనే రాయవచ్చు. 96 జాబులూ ఒకేసారి ఒకే డేటాబేస్‌ను చదివితే నెట్‌వర్క్ డిస్క్ మీద కూడా భారం పడుతుంది కాబట్టి, ఆ మెట్టుకు ఒకేసారి నడిచే జాబుల సంఖ్యను ఆరో ఎనిమిదో అని బిగించండి. మా క్లస్టర్‌లో ఒకసారి ఇలాంటి ఒక్క మెట్టు వల్లే మిగిలిన వాడుకరులందరికీ ఫైళ్లు తెరుచుకోవడం ఆలస్యమై, మధ్యాహ్నమంతా కారణం వెతుక్కున్నాం.

ఇక ఇమేజ్‌ల సంగతి. ట్యాగ్‌లో వెర్షన్ నంబరు రాస్తే సరిపోతుందని మీరు అనుకుంటున్నారు. ట్యాగ్ అనేది ఒక చీటీ మాత్రమే. దాన్ని ఇమేజ్ తయారుచేసినవారు ఎప్పుడైనా తీసి కొత్త ఇమేజ్ మీద అంటించవచ్చు. షా256తో మొదలయ్యే డైజెస్ట్ అలా కాదు. ఇమేజ్‌లో ఒక్క బైట్ మారినా డైజెస్ట్ మారిపోతుంది. అందుకని కాన్ఫిగ్‌లో ట్యాగ్ పక్కన డైజెస్ట్ రాయడం అలవాటు చేసుకోండి. క్లస్టర్‌లో ఆప్‌టైనర్ చేత ఒకసారి మార్పించిన ఎస్ఐఎఫ్ ఫైలును (ఆప్‌టైనర్ వాడే ఇమేజ్ ఫైలును) అందరికీ కనిపించే ఒక ఫోల్డర్‌లో భద్రపరిచి, నెక్స్ట్‌ఫ్లో కాషె (తెచ్చినవి దాచుకునే చోటు) దారినీ, ఆప్‌టైనర్ కాషె దారినీ అటు తిప్పండి. లేకపోతే అవి మీ హోమ్‌లోని దాగిన ఫోల్డర్‌లో పేరుకుపోయి కోటా నిండిపోతుంది. అప్పుడు జాబు ఎందుకు ఆగిందో అర్థం కాని ఎర్రర్లు వస్తాయి.

ఎస్ఐఎఫ్ గురించి ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. అది చదవడానికి మాత్రమే తెరుచుకునే ఫైలు. డాకర్ కంటైనర్ లోపల ఏదైనా రాస్తే, కంటైనర్ ముగిసేదాకా ఆ రాత నిలుస్తుంది. ఆప్‌టైనర్‌లో అదే రాత మొదట్లోనే విఫలమవుతుంది. పై సమాధానంలో అడిగిన నవీకరణ ఆదేశం మీ స్క్రిప్ట్‌లో ఉంటే, రెండు యంత్రాల తేడాకు ఇదొక్కటే చాలు.

మళ్లీ అడిగినవారు

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. తీగ లాగితే డొంకంతా కదిలింది.

నవీకరణ ఆదేశం నిజంగానే ఉంది. పైప్‌లైన్ మొదలుపెట్టిన రోజుల్లో, డేటాబేస్ ఎప్పుడూ తాజాగా ఉండాలన్న ఉద్దేశంతో టీబీ ప్రొఫైలర్ మెట్టులో మొదటి వరుసగా దాన్ని రాశాను. ఇంటర్నెట్ లేనప్పుడు జాబు ఆగిపోకూడదని, ఆ ఆదేశం విఫలమైనా పరవాలేదు ముందుకు సాగమనే గుర్తును కూడా దాని చివర పెట్టాను. వర్క్‌స్టేషన్‌లో డాకర్ ఆ రోజు డేటాబేస్‌ను దించుకుంది. క్లస్టర్‌లో రాయడానికి అనుమతి లేక ఆదేశం విఫలమైంది, నేను పెట్టిన గుర్తు ఆ వైఫల్యాన్ని మింగేసింది, ఇమేజ్‌తో పాటు వచ్చిన పాత డేటాబేస్‌తోనే పని నడిచింది. వర్క్ ఫోల్డర్‌లోని లాగ్ ఫైలు తెరిస్తే, ఫైల్ సిస్టమ్ చదవడానికి మాత్రమే అన్న వరుస 96 శాంపిళ్లకూ ఉంది. నెల రోజులుగా అక్కడే ఉంది, నేను చూడలేదు. ఆ రెండు శాంపిళ్లలో మ్యుటేషన్ రెండు చోట్లా దొరికింది; కాకపోతే పాత డేటాబేస్‌లో దాని పక్కన ప్రాముఖ్యత అనిశ్చితం అని ఉంటే, కొత్తదానిలో నిరోధకతతో సంబంధం ఉంది, తాత్కాలికం అని ఉంది.

మూడో శాంపిల్‌కు కారణం హోమ్ ఫోల్డరే. ప్రింట్ చేయించిన దారి హోమ్‌తోనే మొదలైంది. పోయిన ఏడాది ఏదో పరీక్షించడానికి మా ల్యాబు ప్యాకేజీ పాత ప్రతిని క్లస్టర్‌లో వేసుకుని మరిచిపోయాను. పాత ప్రతిలో బేస్ క్వాలిటీ (ఆ బేసును యంత్రం ఎంత నమ్మకంగా చదివిందో చెప్పే అంకె) 13 దాటిన రీడ్స్‌నన్నింటినీ లెక్కలోకి తీసుకునేవాళ్లం, తర్వాత దాన్ని 20కి పెంచాం. ఆర్‌పీఓబీ జన్యువులో 7,61,155వ స్థానం దగ్గర క్లస్టర్ 104 రీడ్స్‌లో 11 మార్పు చూపాయని, అంటే 10.6 శాతం అని లెక్కగట్టింది. వర్క్‌స్టేషన్ లెక్కలో 98 రీడ్స్‌కు 9, అంటే 9.2 శాతం వచ్చింది. 10 శాతం గీత సరిగ్గా ఈ రెండింటి మధ్య పడింది.

ఇప్పుడు నా సందేహం సాంకేతికమైనది కాదు. డేటాబేస్‌ను పాతదానితో బిగించాలా, కొత్తదానితోనా? 9.2 శాతం ఉన్న శాంపిల్‌కు నివేదికలో ఏమని రాయాలి?

సమాధానం 3 – మైక్రోబయాలజీ అధ్యాపకురాలు, తిరుపతి

మీరు చెప్పిన 7,61,155వ స్థానం రిఫాంపిసిన్ నిరోధకతకు అన్నింటికన్నా పేరుమోసిన స్థానం. అక్కడ సి స్థానంలో టి వస్తే 450వ అమైనో ఆమ్లం సెరీన్ నుంచి లూసీన్‌గా మారుతుంది. పాత పత్రాల్లో ఇదే మ్యుటేషన్‌ను ఈ.కోలై లెక్క ప్రకారం 531 అని రాసేవారు కాబట్టి, పాత ఫలితాలతో పోల్చేటప్పుడు రెండూ ఒకటేనని గుర్తుంచుకోండి. మా విద్యార్థి ఒకరు వీటిని రెండు వేర్వేరు మ్యుటేషన్లుగా పట్టికలో ఎక్కించడం నేను చూశాను.

ఇలాంటి స్థానంలో వంద రీడ్స్‌లో తొమ్మిదో పదకొండో మార్పు చూపిస్తున్నాయంటే, అది సీక్వెన్సింగ్ పొరపాటు అని తేలికగా తీసిపారేయలేం. రోగి శరీరంలో మందుకు లొంగే బ్యాక్టీరియాతో పాటు లొంగని బ్యాక్టీరియా కూడా కలిసి ఉండవచ్చు, లేదా పక్క శాంపిల్ నుంచి ల్యాబులో కొంత కలిసి ఉండవచ్చు. మీ 10 శాతం గీత పని సులువు కోసం మనుషులు గీసుకున్నది, 9.2కూ 10.6కూ మధ్య బ్యాక్టీరియాలో ఏ తేడా లేదు. అలాంటి శాంపిళ్లకు ఉంది, లేదు అన్న రెండు మాటలే సరిపోవు. 5 నుంచి 15 శాతం మధ్య వచ్చిన వాటిని వేరే గడిలో పెట్టి, రీడ్స్ సంఖ్యలను ఉన్నవి ఉన్నట్టు రాసి, అదే కల్చర్‌ను మళ్లీ పెంచి మందుతో నేరుగా పరీక్షించండి. అదే ప్లేటులో పక్కపక్కనే పెట్టిన శాంపిళ్లలో ఎవరికైనా ఇదే మ్యుటేషన్ నూరు శాతం ఉందేమో కూడా చూడండి. ఉంటే మొదటి అనుమానం కలుషితం మీదకే పోవాలి.

డేటాబేస్ విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షయ మ్యుటేషన్ల జాబితా మొదటి కూర్పును 2021లో, రెండో కూర్పును 2023లో విడుదల చేసింది. అందులో ఒక్కో మ్యుటేషన్‌ను ఐదు వర్గాల్లో ఒకదానిలో పెడతారు. ఆధారాలు పెరిగే కొద్దీ ఒక వర్గం నుంచి మరో వర్గానికి మారుస్తారు. కాబట్టి ఇథియోనమైడ్ తీర్పు మారడం తప్పు కాదు, అది మారిందని మీకు తెలియకుండా మారడమే తప్పు. థీసిస్ మొత్తానికీ రెండో కూర్పు ఉన్న డేటాబేస్‌ను ఒక తేదీతో బిగించి, ఆ వెర్షన్‌ను ప్రతి శాంపిల్ నివేదిక మీదా ముద్రించండి. రేపు కొత్త కూర్పు వస్తే, రీడ్స్‌ను మళ్లీ అమర్చనవసరం లేకుండా, వేరియంట్ ఫైళ్ల మీద తీర్పు మెట్టును మాత్రమే కొత్త డేటాబేస్‌తో నడిపి, ఎవరి ఫలితం ఎందుకు మారిందో పక్కపక్కన చూపించండి. ఈ రెండు మెట్లనూ వేర్వేరు ప్రాసెస్‌లుగా విడదీయడానికి ఇదే మంచి సమయం.

సీబీనాట్ అనే వేగవంతమైన క్షయ జన్యు పరీక్ష ఫలితాలతో పోల్చేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త అవసరం. ఆ పరీక్ష ఆర్‌పీఓబీలోని 81 బేసుల ముక్కను మాత్రమే చూస్తుంది. దానికి బయట, 491వ అమైనో ఆమ్లం దగ్గర ఉండే మ్యుటేషన్ లాంటివి మీ జీనోమ్‌లో కనిపించి అక్కడ కనిపించకపోతే, మీ పైప్‌లైన్ తప్పని అనుకోవద్దు.

ప్రతి బ్యాచ్‌లోనూ రెండు శాంపిళ్లను తప్పనిసరిగా చేర్చండి: ఏ నిరోధకతా రాకూడని హెచ్37ఆర్‌వీ ఒకటి, రిఫాంపిసిన్‌కూ ఐసోనియాజిడ్‌కూ లొంగదని కల్చర్ పరీక్షలో తేలిన ఐసోలేట్ ఒకటి. ఇమేజ్‌నో, డేటాబేస్‌నో మార్చిన ప్రతిసారీ ముందుగా ఈ రెండింటినే నడిపి, ఫలితం మారలేదని చూసుకున్నాకే మిగిలినవాటికి వెళ్లండి.

మళ్లీ అడిగినవారు

నవీకరణ వరుసను తీసేశాను, దాంతో పాటు వైఫల్యాన్ని మింగేసే ఆ గుర్తునూ తీసేశాను. డేటాబేస్ ఇప్పుడు తేదీ ఉన్న ఒక ఫోల్డర్‌లో ఉంది. నెక్స్ట్‌ఫ్లోకు దాన్ని కేవలం అక్షరాల దారిగా ఇవ్వకుండా, ఫైలు ఇన్‌పుట్‌గా ప్రకటించాను కాబట్టి డాకర్‌లోనూ ఆప్‌టైనర్‌లోనూ తనంతట తానే లోపలికి చేరుతోంది. అన్ని ఇమేజ్‌లకూ డైజెస్ట్ రాశాను, పైథాన్ వేరియబుల్ పెట్టాను, బీడబ్ల్యూఏ గుంపు పరిమాణాన్ని స్థిరం చేశాను. క్రాకెన్2కు 12 జీబీ అడిగి, ఒకేసారి ఆరు జాబులే నడవాలని రాశాక 137 మళ్లీ రాలేదు.

నిన్న రాత్రి రెండు చోట్లా మొదటి నుంచి నడిపాను. హెడర్ తీసేసిన వేరియంట్ ఫైళ్లు 96కు 96 అక్షరం తేడా లేకుండా సరిపోయాయి. మూడో శాంపిల్‌లో రెండు యంత్రాలూ 98కి 9 అనే చెబుతున్నాయి. ప్లేటులో దాని ఎడమ పక్క గుంటలో ఉన్న శాంపిల్‌లో ఇదే మ్యుటేషన్ పూర్తిగా ఉందని ఈ ఉదయం గమనించాను. అందుకని నివేదికలో ఆ గడిని ఖాళీగా వదిలి, ఫ్రీజర్‌లో దాచిన మూల కల్చర్ నుంచి మళ్లీ డీఎన్‌ఏ తీయడానికి, మందు పరీక్షకు రెండింటికీ పంపించాను. కల్చర్ పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. ఫలితం రాగానే ఇక్కడే రాస్తాను.